రెండు రిమోట్ల సంగతి

ప్రశ్న: మా ప్రాంతంలో ఇంకో ఆరు వారాల్లో అనలాగ్ టీవీ ప్రసారాలు ఆపేస్తామని ప్రకటించారు. తెర అడుగున ఆ మాట రోజూ పరుగెడుతూనే ఉంది. మా ఇంట్లో కేబుల్ ఉంది కనుక మాకు బెంగ లేదు. మామయ్యగారికి 78 ఏళ్లు. పై వాటాలో ఒక్కరే ఉంటారు. ఆయన దగ్గర ఉన్నది పాతికేళ్ల నాటి టీవీ, డాబా మీద ఒక యాంటెన్నా. ఆయనేమో ‘ఆగినప్పుడు చూద్దాంలే’ అంటారు. మావారు కొత్త టీవీ కొని పడేద్దామంటారు. ఇది చాలదన్నట్టు, మా వీధిలోని పెద్దవాళ్లందరికీ ఈ మార్పు గురించి చెప్పే పని నివాసుల సంఘం నాకే అప్పగించింది. ఇంటింటికీ కరపత్రం పంచితే సరిపోతుందా? మామయ్యగారికి టీవీ కొనాలా, సెట్ టాప్ బాక్స్ చాలా? పాత యాంటెన్నా పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు కొత్త టీవీ ఆలోచన ఆపించండి. మామయ్యగారి టీవీకి ఏ జబ్బూ లేదు. దానికి పాత అనలాగ్ భాషే తెలుసు, కొత్త డిజిటల్ ప్రసారం భాష రాదు, అంతే. ఆ భాషను విని దానికి అర్థమయ్యేలా చెప్పే దుబాసీ, సెట్ టాప్ బాక్స్ అనే ఈ డబ్బా. వెనక పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలు ఉంటే ఆ వైర్లతో కలపవచ్చు. అవీ లేని మరీ పాత టీవీ అయితే యాంటెన్నా తీగ పెట్టే చోటే కలిపే డబ్బాలు ఉన్నాయి. కొనేముందు టీవీ వెనక భాగాన్ని ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లండి. ఈ ఒక్క పని చేయక రెండుసార్లు తిరిగినవాళ్లను చాలామందిని చూశాను.

డబ్బు సంగతి కన్నా పెద్ద సంగతి మరొకటి ఉంది. ఈ శీర్షిక రాయడానికి ముందు చాలా ఏళ్లు టీవీలు బాగుచేసి బతికాను. డబ్బాలు బిగించే రోజుల్లో ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాను. మీ మామయ్యగారి వయసే ఉంటుంది. డబ్బా పెట్టాను, బొమ్మ అద్దంలా వచ్చింది. రెండు రిమోట్లూ చేతికిచ్చి, ఇది టీవీది, ఇది డబ్బాది అని చెప్పాను. ఆవిడ తల ఊపారు. మర్నాడు పొద్దున్నే ఫోను. ‘బొమ్మ పోయింది నాయనా, తెరంతా ఈగలు.’ వెళ్లి చూస్తే డబ్బా నిక్షేపంలా ఉంది. ఆవిడ అలవాటుగా టీవీ రిమోట్ తీసుకుని 4 నొక్కారు. టీవీ డబ్బాను వదిలేసి, ఖాళీగా ఉన్న నాలుగో చానల్‌కు వెళ్లి కూర్చుంది. ఒక్క బటన్‌తో సరిచేసి వచ్చాను. మూడో రోజు మళ్లీ ఫోను, మళ్లీ అదే 4. ‘నిన్న చెప్పాను కదమ్మా’ అన్నాను కాస్త విసుగ్గా. ‘నాకు తెలుసు నాయనా. నా వేలికి తెలియదు’ అన్నారు.

ఆ మాటతో నా విసుగు దిగిపోయింది. అప్పుడు చేసిన పని ఇది: డబ్బా శబ్దాన్ని పూర్తిగా పైకి పెట్టేశాను, ఇక దాని జోలికి పోనక్కర్లేకుండా. టీవీ రిమోట్ మీద అంకెలన్నీ కప్పేలా అట్టముక్క కత్తిరించి అంటించాను. స్విచ్చి, శబ్దం రెండే బయటికి కనిపిస్తాయి. డబ్బా రిమోట్ మీద స్విచ్చి బటన్‌కు ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టాను. ఆ డబ్బా రిమోట్‌కే ఒక రబ్బరు బ్యాండు చుట్టాను, చీకట్లో తడిమినా ఏది ఏదో తెలియడానికి. మళ్లీ ఫోను రాలేదు.

కరపత్రం గురించి మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఆవిడ మాటలోనే ఉంది. కరపత్రం తలకు చెబుతుంది, వేలికి చెప్పదు. 2008 సెప్టెంబర్ 8న అమెరికాలో నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్ ప్రాంతంలో దేశంలోనే ముందుగా, ప్రయోగంగా, మధ్యాహ్నం పన్నెండింటికి అనలాగ్ ఆపారు. నెలల తరబడి ప్రచారం చేశారు. ఆ తర్వాత అధికారులకు వచ్చిన ఫోన్లలో ‘ఈ మార్పు సంగతే మాకు తెలియదు’ అన్నవాళ్లు దాదాపు లేరు. డబ్బా ఎలా కలపాలో, చానళ్లు ఎలా వెతికించాలో తెలియనివాళ్లు ఎక్కువమంది. నిన్నటిదాకా వచ్చిన చానల్ ఇవాళ అందడం లేదన్నవాళ్లు ఇంకొందరు. అక్కడ 6వ నంబరు చానల్ పాత సంకేతం చాలా దూరం పాకేది. కొత్త డిజిటల్ సంకేతం అంతదూరం వెళ్లలేదు. అంచున ఉన్నవాళ్లు పాపం అన్నీ సరిగ్గా చేసి కూడా నష్టపోయారు. అందరికీ తెలియడం ఒకటి, అందరూ సిద్ధంగా ఉండడం ఇంకొకటి. ఎంతమందికి తెలుసని లెక్కపెట్టి సంబరపడే అధికారులు ఈ తేడాను తరచు ఆలస్యంగానే కనుక్కున్నారు.

మామయ్యగారి ‘చూద్దాంలే’ని కొట్టిపారేయకండి. ఆయన లెక్కలో న్యాయముంది. ఈ తేదీలు నిజంగానే మారుతుంటాయి. అమెరికాలో 2009 ఫిబ్రవరి 17 అన్నది చట్టంలో రాసుకున్న తేదీ. మరో వారం ఉందనగా దాన్ని జూన్ 12కు జరిపారు. మెక్సికోలో 2013 మే నెలాఖరున తిహువానాలో అనలాగ్ ఆపి, ఎన్నికలు దగ్గరపడ్డాయి, ఇంకా చాలా ఇళ్లు సిద్ధంగా లేవని కొద్ది రోజులకే తిరిగి మొదలుపెట్టి, జులైలో రెండోసారి ఆపారు. దక్షిణాఫ్రికాలో ఎన్ని వాయిదాలు పడ్డాయో లెక్కపెట్టడమే ఒక పని. జపాన్ 2011 జులై 24న దేశమంతటా ఆపినా, ఆ మార్చిలో భూకంపం, సునామీ తాకిడికి గురైన ఇవాతె, మియాగి, ఫుకుషిమా రాష్ట్రాలకు 2012 మార్చి 31 దాకా గడువిచ్చింది. హవాయిలో మాత్రం తేదీ ముందుకు వచ్చింది. మిగతా అమెరికా రాష్ట్రాల కన్నా ముందే, 2009 జనవరి 15న ఆపేశారు. హాలియకలా అనే అగ్నిపర్వతం మీది పాత టవర్లను, అక్కడ గూళ్లు కట్టుకునే ఒక అరుదైన సముద్రపక్షి రాకముందే దించేయాలని. ఆ పక్షికి దొరికిన శ్రద్ధ ముసలివాళ్లకు కూడా దొరికితే బాగుండునని చదివినప్పుడల్లా అనుకుంటాను.

అందుకని ఆయనతో తేదీ గురించి వాదించకండి. ఇలా చెప్పండి: ‘మామయ్యగారూ, వాయిదా పడితే పడనివ్వండి. డిజిటల్ ప్రసారం ఇప్పటికే వస్తోంది. డబ్బా ఇవాళ పెట్టుకుంటే ఇవాళ్టి నుంచే చూడవచ్చు. నచ్చకపోతే తీగ పీకి మళ్లీ టీవీకి పెట్టుకుంటే పాతవి యథాప్రకారం వస్తాయి.’ చాలామందికి తెలియని సంగతి ఇదే. మీరు మీ ప్రకటనలో ఖరారు చేసుకోవాల్సిన సంగతి కూడా ఇదే. సాధారణంగా కొంతకాలం రెండు ప్రసారాలూ పక్కపక్కనే నడుస్తాయి. ఆ రెండూ కలిసి ఉన్న రోజులే సాధనకు బంగారం లాంటి సమయం. ఆ రోజుల్లో తప్పు చేసినా వార్తలు తప్పిపోవు.

ఆయన ఇంకో ప్రశ్న కూడా వేస్తారు, చూడండి. ‘బాగా వస్తున్నదాన్ని ఎందుకు చెడగొట్టడం? ఎవరికి లాభం?’ నిజం చెప్పండి. గాలిలో ఒక అనలాగ్ చానల్ ఆక్రమించిన దారిలో డిజిటల్‌గా అయితే నాలుగైదు చానళ్లు ప్రయాణిస్తాయి. మిగిలిన దారులను ప్రభుత్వాలు మొబైల్ ఫోను కంపెనీలకు వేలం వేస్తాయి. 2008లో అమెరికా అలా ఖాళీ అయ్యే 700 మెగాహెర్ట్జ్ తరంగాలను వేలం వేస్తే 1,900 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. చూసేవాడికి బొమ్మ బాగుపడుతుంది, చానళ్లు పెరుగుతాయి, నిజమే. అయినా తొందర మాత్రం అవతలివాళ్లది.

అంత లాభం ఉన్నప్పుడు డబ్బా ఖర్చు పేదవాడి నెత్తిన పడకూడదు. చాలాచోట్ల పడనివ్వలేదు కూడా. 2003లో ప్రపంచంలో అందరికన్నా ముందు అనలాగ్ ఆపిన బెర్లిన్‌లో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు డబ్బాల కోసం సాయం చేశారు. మెక్సికో ఏకంగా పేద ఇళ్లకు డిజిటల్ టీవీలే పంచింది. బ్రిటన్‌లో 75 దాటినవాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకు డబ్బాతో పాటు మనిషినీ పంపారు. వచ్చినవాళ్లు బిగించి, వాడడం చూపించి వెళ్లేవారు. నా దృష్టిలో సరైన పద్ధతి అదే. అమెరికాది కూపన్ల పద్ధతి. ఇంటికి రెండు, ఒక్కోటి 40 డాలర్లు, 90 రోజుల్లో వాడకపోతే చెల్లదు. 2009 జనవరి మొదట్లోనే దానికి కేటాయించిన డబ్బు అయిపోయింది. అడిగి ఎదురుచూసేవారి జాబితా పది లక్షలు దాటింది. తేదీ వాయిదా పడడానికి అదొక ముఖ్య కారణం. మీ దగ్గర ఏదైనా సాయం ఉందేమో ఈ వారమే కనుక్కోండి, గడువు ఎప్పటిదాకానో కూడా. ఆఖరి పదిహేను రోజుల్లో అడిగినవాడికి వరుసలో చివరి చోటే మిగులుతుంది.

యాంటెన్నా విషయం. ‘డిజిటల్ యాంటెన్నా’ అని అట్టపెట్టె మీద రాసి అమ్మేవాళ్లు ఉంటారు. ఆ మాటకు అర్థం లేదు. యాంటెన్నాకు రేడియో తరంగం తెలుసు, దాని మీద ఎక్కి వచ్చేది అనలాగో డిజిటలో దానికి అనవసరం. దానికి తేడా తెలిసేది తరంగం పొడవు దగ్గరే. పొడవాటి తరంగాల పట్టీ అయిన వీహెచ్ఎఫ్‌కు పొడవాటి కడ్డీలు, పొట్టి తరంగాల పట్టీ అయిన యూహెచ్ఎఫ్‌కు పొట్టివి. మీ చానళ్లు ఏ పట్టీలో వస్తాయో ప్రకటనలో చూడండి. 2009 జూన్‌లో చికాగోలో 7వ నంబరు, ఫిలడెల్ఫియాలో 6వ నంబరు స్టేషన్లు డిజిటల్‌ను వీహెచ్ఎఫ్‌లోకి మార్చుకుంటే, యూహెచ్ఎఫ్ యాంటెన్నాలు మాత్రమే ఉన్నవాళ్లు ఆ చానళ్ల కోసం అల్లాడిపోయారు.

ఇక అసలు చిక్కు. అనలాగ్ నెమ్మదిగా చెడేది. సంకేతం తగ్గేకొద్దీ చుక్కలు, నీడలు, గరగర పెరిగేవి. అయినా మనిషి ముఖం తెలిసేది, మాట వినిపించేది. మామయ్యగారు ఏళ్ల తరబడి ఆ చుక్కల మధ్య నుంచే వార్తలు చూసి ఉంటారు, అది బాగానే ఉందని కూడా అనుకుంటారు. డిజిటల్‌కు ఆ మధ్యస్థం లేదు. ఉంటే నిండుగా ఉంటుంది. కాస్త తగ్గితే బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది, మాట తెగుతుంది. ఇంకాస్త తగ్గితే నల్లతెర. కాబట్టి ఇప్పుడు చుక్కలతో వస్తున్న చానల్ రేపు బొత్తిగా రాకపోవచ్చు. అలాగని కంగారుపడి సంకేతాన్ని పెంచే బూస్టర్ కొనకండి. ముందు తీగ చూడండి. పాతికేళ్లు ఎండకూ వానకూ ఉన్న కేబుల్ లోపలికి తేమ చేరి రాగి నల్లబడి ఉంటుంది. నేను వెళ్లిన ఇళ్లలో దోషం యాంటెన్నాలో కన్నా ఆ తీగలోనూ, దాని చివర తుప్పు పట్టిన ముక్కలోనూ ఎక్కువగా దొరికేది. మధ్యలో ఒకే తీగను రెండు టీవీలకు చీల్చే చిన్న డబ్బీ ఉంటే అది తీసి ఒకసారి చూడండి. టవర్‌కు దగ్గరగా ఉన్న ఇంట్లో బూస్టర్ పెడితే సంకేతం మరీ ఎక్కువై బొమ్మే రాకుండా పోతుంది కూడా. డాబా అంచుకు మామయ్యగారిని మాత్రం ఎక్కనివ్వకండి, ‘నేనే పెట్టాను, నేనే తిప్పుతాను’ అంటారు.

డబ్బా పెట్టిన తర్వాత చానళ్లు వెతికించాలి. మార్పు జరిగిన రోజు మళ్లీ వెతికించాలి. ఎందుకంటే ఆ రోజు కొన్ని స్టేషన్లు తమ తరంగాన్ని మార్చుకుంటాయి, డబ్బా మాత్రం పాత చిరునామాలోనే తలుపు తడుతూ కూర్చుంటుంది. మళ్లీ వెతికించినా దొరకకపోతే ఒక కిటుకు ఉంది. యాంటెన్నా తీగ పీకేసి ఒకసారి వెతికించండి. ఏమీ దొరకక పాత జాబితా చెరిగిపోతుంది. తర్వాత తీగ పెట్టి రెండోసారి వెతికించండి. అమెరికాలో కొన్ని డబ్బాల విషయంలో అధికారికంగానే ఈ మాట చెప్పాల్సి వచ్చింది.

మీ ఇంట్లో కేబుల్ ఉంది కనుక బెంగ లేదన్నారు. కేబుల్‌కు తగిలించిన టీవీకి నిజమే. వంటింట్లోనో పడకగదిలోనో చిన్న యాంటెన్నాతో నడిచే రెండో టీవీ ఉందేమో చూసుకోండి. బ్యాటరీతో నడిచే బుల్లి టీవీని తుపాను రోజుల కోసం దాచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, అది ఇక ఈగల తెరే. దాని బదులు రేడియో ఉంచుకోమని చెప్పండి. చెవి సరిగా వినపడనివాళ్లు తెర కింద అక్షరాలు చదువుతూ చూస్తుంటే, ఆ అక్షరాలను తెప్పించే బటన్ ఇప్పుడు డబ్బా రిమోట్‌లోకి మారుతుంది. అది వెతికిపెట్టకుండా ఆ ఇంటి నుంచి రాకండి.

సంఘం పని విషయానికి వస్తే, ముందు యాంటెన్నాతోనే చూసే ఇళ్ల జాబితా రాసుకోండి. డాబాల వైపు తలెత్తి నడిస్తే సగం జాబితా తయారవుతుంది. అందులో వృద్ధులనే కాకుండా అద్దెకుండే కుర్రవాళ్లను కూడా చేర్చండి. అమెరికాలో మార్పుకు ముందు, టీవీ ప్రేక్షకులను లెక్కించే నీల్సన్ సంస్థ లెక్కలు తీసింది. 2009 జనవరిలో 65 లక్షల ఇళ్లు సిద్ధంగా లేవు, జూన్ నాటికి ఆ సంఖ్య 28 లక్షలకు తగ్గింది. తమాషా ఏమిటంటే, పెద్దవాళ్ల ఇళ్లలో కన్నా 35 ఏళ్ల లోపువాళ్ల ఇళ్లలోనే సిద్ధంగా లేనివాటి శాతం ఎక్కువ. ముసలివాళ్లకు టీవీయే లోకం కనుక ముందే జాగ్రత్తపడ్డారు. డబ్బా కొనడంలో వాళ్లు వెనకబడరు. కొన్న తర్వాతే వాళ్లకు మనిషి కావాలి.

జాబితాలోని ప్రతి ఇంటికీ ఒక మనిషిని అప్పగించండి, వీలైతే అదే వీధి మనిషిని. ‘టీవీ శాఖ నుంచి వచ్చాం, ఇప్పుడే డబ్బు కడితే డబ్బా బిగిస్తాం’ అంటూ తెలియనివాళ్లు తలుపు కొట్టే కాలం ఇది. వచ్చే మనిషి ఎవరో ఇంటివాళ్లకు ముందే తెలిసి ఉంటే ఆ బెడద ఉండదు. వెళ్లినవాళ్లు ఒక గంట కూర్చోవాలి. బిగించడానికి పావుగంట చాలు, మిగతా ముప్పావు గంట రిమోట్ వాళ్ల చేతిలోనే ఉండాలి. మీరు లాక్కుని చూపించకండి, ఎంత ఆలస్యమైనా సరే. చివర్లో అన్నీ ఆపేయించి, ఆ గదిలోంచి బయటికి తీసుకొచ్చి, పది నిమిషాలు వేరే కబుర్లు చెప్పి, ‘ఇప్పుడు వార్తలు పెట్టండి’ అనండి. పెట్టగలిగితే ఆ ఇంటి పేరు పక్కన టిక్కు పెట్టండి. లేకపోతే రెండు రోజులాగి మళ్లీ వెళ్లండి.

బ్రిటన్ వాళ్లు వైట్‌హేవెన్ అనే ఊళ్లో మొదట మార్చినప్పుడు ఒక తెలివైన పని చేశారు. 2007 అక్టోబర్ 17న బీబీసీ టూ ఒక్కదాన్నే ఆపారు. మిగతావి నాలుగు వారాల తర్వాత, నవంబర్ 14న. ఒక చానల్ పోగానే, ఇది ఉత్తి బెదిరింపు కాదని తాత్సారం చేసేవాళ్లకు తెలిసివచ్చింది. ఇంకా చేతిలో నెల ఉంది. మీ దగ్గర అలా ఆపకపోయినా, మామయ్యగారి దగ్గర మీరే ఆ పని చేయవచ్చు. ఈ ఆదివారం డబ్బా పెట్టి, దాని రిమోట్‌కు రబ్బరు బ్యాండు చుట్టండి. వచ్చే ఆదివారం నుంచి యాంటెన్నా తీగను డబ్బాకే ఉంచేసి, పాత పద్ధతిలో చూడడం మానిపించండి. ఆ ఐదు వారాల్లో ఆయన కనీసం పదిసార్లు ఈగల తెర తెప్పించుకుంటారు. తెప్పించుకోనివ్వండి. మేడ మెట్లు ఎక్కి మీరు సరిచేయకుండా, కింది నుంచి ఫోనులోనే టీవీని మళ్లీ డబ్బాకు తెచ్చే బటన్ ఏదో చెప్పి, ‘ఇక రబ్బరు బ్యాండు ఉన్నది తీసుకోండి మామయ్యగారూ’ అనండి.

అసలు ప్రసారం ఆగే రోజున చానళ్లు మళ్లీ వెతికించడానికి ఒక్కసారి పైకి వెళ్లిరండి. మర్నాడు పొద్దున మాత్రం వెళ్లకండి. ఆయన వార్తలు అయిపోయే వేళకు ఫోను చేసి, ఇవాళ వార్తల్లో ఏం చెప్పారని అడగండి.